రాత్రి రెండింటికి మెయిన్ ఎవరు వేస్తారు సార్?

ఇప్పుడే కోఠి నుంచి వచ్చా. మెట్ల మీదే కూర్చుని టైప్ చేస్తున్నా. ఇదే ఊపులో ఇంట్లోకి వెళ్తే మా ఆవిడ మీద అరుస్తాను, ఆవిడేం పాపం చేసింది.

మందుల హోల్‌సేల్ షాపు, వాళ్ల కంప్యూటర్లు చూసేది నేనే. పేరొద్దు. పొద్దున తొమ్మిదింటికి అకౌంటెంట్ ఫోన్. "అన్నా, ఎక్స్‌పైరీ రిటర్నుల షీటు మీద ఖాళీ షీటు సేవ్ అయిపోయింది. నిన్నటిది తీసియ్యవా? బ్యాకప్ ఉంది గదా." ఉంది. నేనే పెట్టాను. రోజూ రాత్రి 2 గంటలకు దానంతటదే నడిచేలా. ఆదివారం ఫుల్, అంటే మొత్తం కాపీ; మిగతా రోజులు ఇంక్రిమెంటల్, అంటే మారినవి మాత్రమే. నిన్నటి కాపీ తీయడమంటే ఎంతసేపు, చాయ్ తాగే లోపు అయిపోతుందని వెళ్లా.

తెరిచి చూస్తే ఆఖరిసారి నడిచింది 19 రోజుల కింద!

పైన మాత్రం పచ్చ టిక్కు కళకళలాడుతోంది. "తర్వాతి రన్: రేపు 02:00". నిన్నా రేపే, మొన్నా రేపే. కిరాణా కొట్లో "అప్పు రేపు" బోర్డు గుర్తొచ్చింది.

సంగతేంటంటే కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని సేటు ఆర్డర్ వేశాడు. రాత్రి ఎనిమిదిన్నరకి షట్టర్ దించే ముందు కుర్రాడు మెయిన్ స్విచ్ కట్టేస్తాడు. కంప్యూటరే చచ్చి పడి ఉంటే రెండింటికి లేచి బ్యాకప్ ఎవరు తీస్తారు, పైనున్న గోడగడియారమా?

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. తెల్లారుజామున వాల్వు తిప్పి పోతారు. నువ్వు నిద్రపోతే సంపు ఎండుతుంది, మళ్లీ వచ్చి తలుపు కొట్టేవాడు ఉండడు. లినక్స్‌లో చెప్పిన టైమ్‌కి పనులు నడిపించే క్రాన్ అనే ప్రోగ్రామ్ అచ్చం ఇంతే. టైమ్‌కి మిషన్ ఆఫ్‌లో ఉంటే ఆ పని పోయినట్టే. తప్పిపోయినదాన్ని గుర్తుపెట్టుకుని మిషన్ లేచాక చేయించాలంటే అనాక్రాన్ అని వేరేది ఉంది. విండోస్‌లో ఇదే పని చేసే టాస్క్ షెడ్యూలర్‌లోనూ అందుకో గడి ఉంది, తప్పిన పనిని వీలైనంత త్వరగా నడిపించమని. టిక్ మనమే పెట్టుకోవాలి.

నువ్వు పెట్టలేదా అంటారేమో. పెట్టా! పొద్దున పదింటికి గిరాకీ మీదుండగా బ్యాకప్ మొదలై బిల్లింగ్ మెల్లగా నడిచింది. సేటేమో, "తమ్మీ, గిదేందో బందు వెట్టు, కౌంటర్ కాడ జనం నిలవడ్డరు." తీసేశా. ఇప్పుడు తప్పెవరిది? నాదే. ఎప్పుడూ నాదే.

ఇదొక్క షాపు గోలా కాదు. ఒకచోట మేనేజర్ గారు పాస్‌వర్డ్ మార్చుకున్నారు, ఆయన పేరు మీద నడిచే టాస్కు ఆ రాత్రి నుంచి గుమ్మం దాటలేదు. ఇంకోచోట సర్వర్ గడియారం యూటీసీలో, అంటే మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక ఉంది, రెండింటికి పెట్టిన బ్యాకప్ పొద్దున ఏడున్నరకి నడుస్తోంది. మరోచోట ఓనర్ గారబ్బాయి సినిమాల కోసం ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇంటికి పట్టుకెళ్లాడు. తెచ్చి తగిలించేసరికి 'E' డ్రైవ్ కాస్తా 'F' డ్రైవ్ అయి కూర్చుంది. బ్యాకప్ పాపం నెలంతా 'E' డ్రైవ్ కోసం వెతుక్కుంది.

మనవాళ్లకే ఇలా అని కూడా కాదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేశాడు. బ్యాకప్ చూద్దామంటే, అది తీసే టూల్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కుదరక అది ఎన్నాళ్లగానో ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా దారిలోనే తిరస్కరణకి గురై ఎవరికీ చేరలేదు. చివరికి ఆదుకున్నది దాదాపు ఆరు గంటల ముందు ఒకతను వేరే పని కోసం చేత్తో తీసిన కాపీ. షెడ్యూల్ కాదు, చెయ్యి! అంత పెద్దవాళ్లకే ఆ గతి పడితే కోఠి సేటుకి పచ్చ టిక్కు మీద అంత భక్తి ఏంటో.

కానీ నిజం చెప్పనా, నా మంట బ్యాకప్ గురించి కాదు. రెండేళ్ల కింద ఇదే సేటు నా ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు, సగానికి కోశాడు. "అంతా ఆటోమేటిక్ గదా తమ్మీ, అదే నడుస్తది, నువ్వొచ్చి ఏం జేస్తవ్?" నేనొచ్చి చేసేది అదే సార్, అది నడిచిందా లేదా అని లాగ్, అంటే అది రాసుకునే చిట్టా, తెరిచి చూడటం! నెలకి రెండుసార్లు వచ్చేవాణ్ణి, పాత ఫైలు ఒకటి వెనక్కి తీసి తెరుచుకుంటోందో లేదో చూసేవాణ్ణి. డబ్బులతో పాటు ఆ రాకపోకలూ సగమయ్యాయి. ఈ నెల రెండో రాక ఉండుంటే ఇది 19 రోజులు సాగేదా?

ఇప్పుడు ఆ అకౌంటెంట్ పిల్లాడు ఇనుప చువ్వకి గుచ్చిన చీటీలన్నీ ఊడదీసి, వెనక్కొచ్చిన ఒక్కో స్ట్రిప్పు బ్యాచ్ నంబర్ మళ్లీ కొడుతున్నాడు. 19 రోజులవి. కొన్ని చీటీల్లో చువ్వ సరిగ్గా నంబర్ మీదే దిగింది. నాకు వన్ బై టూ చాయ్ పోయించారు. ఆ రెండో సగం ఎవరు తాగారో తెలీదు.

బయటికొస్తుంటే సేటు పిలిచాడు. "తమ్మీ, పోతపోత జర ప్రింటర్ సూడు, పని జేస్తలేదు."

చూశా. ప్లగ్ ఊడి ఉంది.