తెలిసిన గొంతు చెబితేనే ఆగిన పుకారు

2018 వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా పల్లెలకు వెళ్లిన పోలీసులకు ఒక మార్పు కనిపించింది. ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం, చీకటి పడగానే పిల్లాజెల్లాతో ఇళ్లలోకి చేరి తలుపులు గడియ పెట్టుకుంటున్నారు. ఆరా తీస్తే వాట్సాప్‌లో తిరుగుతున్న వీడియోలు, ఛిద్రమైన శవాల ఫొటోలు, పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందన్న హెచ్చరికలు బయటపడ్డాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ ముఠాకు ‘పార్థీ గ్యాంగ్’ అని పేరు కూడా స్థిరపడిపోయింది.

ఆ సంవత్సరం దేశంలో ఈ పుకారును నమ్మినవారి గురించి మాట్లాడేటప్పుడు చదువులేనితనం, మూఢత్వం అనే మాటలు తేలిగ్గా దొర్లాయి. ఆ వివరణ తప్పని నా అభిప్రాయం. పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న కబురు అబద్ధమైనా దాన్ని నమ్మిన తల్లికి ఆ రాత్రి పోయేదేమీ లేదు, మహా అయితే ఉక్కపోతలో నిద్ర చెడుతుంది. అదే కబురు నిజమై, తాను కొట్టిపారేసి ఉంటే జరిగే నష్టాన్ని ఆమె ఊహించుకోవడం కూడా కష్టం. ఈ లెక్క ఆమె వరకు సబబైనదే. అదే లెక్క ఊరంతా ఒకేసారి వేసుకుని, ఊరి పొలిమేరలో కొత్త మనిషి కనిపించినప్పుడే ప్రమాదం మొదలవుతుంది.

పైగా చేతిలో ‘సాక్ష్యం’ ఉంది. అప్పట్లో విస్తృతంగా తిరిగిన ఒక వీడియోలో మోటార్ సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడిని ఎత్తుకుపోతారు. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ ఇద్దరూ వెంటనే వెనక్కి వచ్చి పిల్లవాడిని దించి, హెచ్చరిక రాసిన అట్టను చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. కళ్లారా చూశామన్న నమ్మకం ముందు పోలీసు ప్రకటన నిలవడం కష్టం. ఒకే మాటను పదే పదే విన్నకొద్దీ అది నిజమనిపించడం మనిషి మనసుకున్న స్వభావమని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లోనే ప్రయోగపూర్వకంగా చూపించారు. బావమరిది నుంచి ఒకసారి, కుల సంఘం గ్రూపులో ఒకసారి, పాత స్నేహితుడి నుంచి మరోసారి అదే వీడియో వస్తే, మూలం ఒక్కటేనన్న సంగతి మరుగునపడి ముగ్గురు సాక్షులున్నట్లే అనిపిస్తుంది.

జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో జరిగింది ఇదే. హైదరాబాద్ నుంచి కారులో వెళ్లిన స్నేహితులు ఒక ఊళ్లో పిల్లలకు చాక్లెట్లు పంచారు. అనుమానం రేగి, వాగ్వాదం జరిగి వారు బయలుదేరేసరికి వారి వీడియో వాట్సాప్‌లో వారికన్నా ముందే ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ జనం దారికి అడ్డం పెట్టారు. కారు బోల్తా పడింది, గుంపు దాడి చేసింది, అడ్డుకోబోయిన పోలీసులూ గాయపడ్డారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ప్రాణం పోయింది. పిల్లలకు మిఠాయి ఇవ్వడమనే మామూలు ఆప్యాయతే అక్కడ నేరానికి రుజువైపోయింది.

అయితే ఖండన ప్రకటనలతో, మైకు ప్రచారంతో ఈ భయం పోతుందా? త్రిపురలో జరిగిన దారుణం ఈ ప్రశ్నకు కఠినమైన జవాబు ఇచ్చింది. పుకార్లను నమ్మవద్దని ఊరూరా తిరిగి చెప్పడానికి ప్రభుత్వం నియమించుకున్న వ్యక్తినే జూన్ 28న సబ్రూమ్ ప్రాంతంలో గుంపు కొట్టి చంపింది. అతను చెప్పింది నిజమే, కానీ ఆ ఊరికి అతను కొత్త మనిషి. కుట్రను నమ్మినవారి దృష్టిలో కుట్ర లేదని చెప్పే అపరిచితుడు కూడా కుట్రలో భాగమే అవుతాడు. రాజకీయ తీవ్రవాద వర్గాలు తమ అనుచరులను పత్రికలు, కోర్టులు, ఎన్నికల అధికారుల నుంచి మొదటే విడదీయడానికి ఇంత శ్రమపడేది ఇందుకే. ఆ విడదీత పూర్తయ్యాక ఏ అబద్ధానికీ గట్టి ఆధారం అక్కర్లేదు.

గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పట్టుకున్నది సరిగ్గా ఈ కీలకాన్నే. ఊళ్లను కానిస్టేబుళ్లకు దత్తత ఇచ్చినట్లు అప్పగించారు. వారు తరచూ వెళ్లి ఇంటింటా మాట్లాడారు, జానపద బాణీల్లో పాటలు పాడించారు, డప్పు కొట్టించి చెప్పించారు, గ్రామ వాట్సాప్ గ్రూపుల్లో సభ్యులుగా చేరారు. సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో పేరుతో సహా తెలిసింది. దేశమంతా హత్యలు జరుగుతున్నప్పుడు ఆ జిల్లాలో ప్రాణనష్టం జరగలేదు. త్రిపురలో మైకు పట్టుకున్న మనిషి, గద్వాల కానిస్టేబులు చెప్పింది ఒకే మాట. వినేవారికి ఒకరు పరాయి, ఒకరు తెలిసినవారు.

వాట్సాప్ 2018 జులైలో భారతదేశంలో ఒక సందేశాన్ని ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది, 2020 ఏప్రిల్‌లో పదే పదే ఫార్వర్డ్ అయిన సందేశాలకు దాన్ని ఒక్క చాట్‌కు తగ్గించింది. వేగం తగ్గించడం అవసరమే. కానీ ఆ పుకారు దొంగను ఎక్కడినుంచి తెచ్చుకుంది? పార్థీలు బ్రిటిష్ పాలకులు 1871 నాటి చట్టం కింద పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసిన సంచార జాతుల్లో ఒకరు. ఆ ముద్రను 1952లో కాగితం మీద తొలగించారు. ఆరున్నర దశాబ్దాల తర్వాత కూడా ఆ పేరు వినగానే జనం తలుపులు మూసుకున్నారు. ఆ జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో గుంపు చేతిలో చనిపోయిన ఐదుగురూ భిక్షాటనతో బతికే సంచార సముదాయం వారే. దొంగతనాల కేసుల్లో ముఠాలకు కులాల, తెగల పేర్లు తగిలించి పోలీసులు ప్రకటనలు ఇవ్వడం, పత్రికలు, చానళ్లు వాటిని శీర్షికలకు ఎక్కించడం వెంటనే ఆగాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా ఎస్పీ ఒక ఉత్తర్వు, వార్తా సంపాదకుడు ఒక నిర్ణయం తీసుకుంటే సరిపోతుంది.