సవరణ: బకున్ డ్యామ్ ఎవరిది?

మలేసియాలోని సారవాక్ రాష్ట్రంలో హరిత విద్యుత్తు, జాతుల సామరస్యం గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. 2,400 మెగావాట్ల బకున్ జలవిద్యుత్ కేంద్రం కౌలాలంపూర్‌లోని కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉందని, హరిత విద్యుత్తు హామీలకు జవాబు చెప్పాల్సింది అదేనని అన్నాను. కాదు, 2017లోనే సారవాక్ ప్రభుత్వం కొనేసింది. కాబట్టి ఆ హామీలకు జవాబు చెప్పాల్సింది సారవాక్ రాజధాని కుచింగే. నా వాదనలో సగం అక్కడే కూలింది.

రెండోది, అక్కడి ఆదివాసులను ‘దయాక్ తెగ’ అన్నాను. దయాక్ ఒక తెగ కాదు. ఇబాన్, బిదాయు లాంటి పలు జాతులకు ఉమ్మడి పేరు. డ్యామ్ కోసం సుంగై అసాప్ అనే పునరావాస ప్రాంతానికి తరలించిన సుమారు 10,000 మందిలో ఎక్కువగా ఉన్నది కయాన్, కెన్యా జనం. ఒకే కప్పు కింద వరసగా గదులు, ముందు పొడవాటి ఉమ్మడి వసారా, అలా ఉంటాయి వాళ్ల ఇళ్లు. సామరస్యం గురించి రాస్తూ అందరినీ ఒకే గాటన కట్టేశాను. ఇది తొందరపాటు కూడా కాదు, సరిగ్గా చదవకపోవడమే.

2021 సారవాక్ శాసనసభ ఎన్నికల్లో పాలక జీపీఎస్ (గబుంగన్ పార్టీ సారవాక్) కూటమికి 82లో 76 సీట్లన్న లెక్క మాత్రం సరైనదే.