చూసి చెయ్యమంటే చాలదు

ఎదుటివాళ్లు టాటా చెబితే, ఆటిజం ఉన్న కొందరు పిల్లలు అరచేతిని తమవైపు తిప్పుకుని చెయ్యి ఊపుతారు. వాళ్ల కంటికి కనిపించింది అరచెయ్యే కదా! దాన్ని మొండితనమనో, పెంపకం లోపమనో తేల్చేసే చుట్టాలకు మన దగ్గర కొదవ లేదు.

శాస్త్రవేత్తలూ ఒక దశలో తొందరపడ్డారు. ఇటలీలోని పార్మాలో మెదడు పరిశోధకుడు రిజోలాటి బృందం 1990ల మొదట్లో కోతుల మెదడులో మిర్రర్ న్యూరాన్లను, అంటే అద్దంలాంటి నాడీకణాలను గుర్తించింది. కోతి తాను తిండి ముక్క అందుకున్నా, మరొకరు అందుకోవడం చూసినా స్పందించే కణాలవి. ఎదుటివాళ్లను అనుకరించడానికి ఈ కణాలే ఆధారమనీ, ఆటిజంలో ఈ అద్దమే పగిలిందనీ 2006లో నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ వంటి పేరున్నవాళ్లు రాశారు. వినడానికి బాగానే ఉంది కానీ నిలబడలేదు. చేసే పని దేనికో తెలిసినప్పుడు ఈ పిల్లలు మిగతావాళ్లలాగే అనుకరిస్తారని పరిశోధకురాలు ఆంటోనియా హామిల్టన్ పరీక్షల్లో తేలింది.

అసలు తేడా బహుశా తమ ఒంటిని తాము తెలుసుకునే తీరులో ఉంది. 2009లో బాల్టిమోర్ పరిశోధకులు పిల్లల చేతికి రోబో పిడి ఇచ్చి ఒక కదలిక నేర్పారు. ఆటిజం ఉన్న పిల్లలు కంటికంటే కీళ్లు, కండరాలు చెప్పేదాన్నే ఎక్కువ నమ్మారు. ఆ నమ్మకం ఎంత ఎక్కువైతే అనుకరణ అంత కష్టమైంది. 2012 నాటి మరో ప్రయోగంలో పిల్లల చేతిని కనబడకుండా దాచి, దాన్నీ ఎదుట ఉన్న రబ్బరు చేతినీ ఒకేసారి బ్రష్‌తో నిమిరారు. మామూలుగా కాసేపటికే ఆ రబ్బరు చెయ్యి మనదేననే భ్రమ కలుగుతుంది. ఆటిజం ఉన్నవాళ్లలో 3 నిమిషాలకు ఆ ప్రభావం కనబడలేదు, 6 నిమిషాలకు కనబడింది. ఇవి కొద్దిమందిపై చేసిన పరీక్షలే, పిల్లలందరూ ఒకేలా ఉండరు కూడా. అయినా దారి చూపుతున్నాయి.

బిస్కెట్ ఆశ చూపి ‘నన్ను చూడు, ఇలా చెయ్యి’ అని గంటల తరబడి సతాయించడం తగ్గాలన్నది మా అభిప్రాయం. ముందు పెద్దవాళ్లే పిల్లల్ని అనుకరించాలి. బాబు బొమ్మ కారు చక్రం తిప్పుతుంటే అమ్మ కూడా ఇంకో కారు తీసుకుని తిప్పాలి. అలా చేస్తే పిల్లలు ఎదుటివాళ్లవైపు ఎక్కువగా చూస్తారని ఫ్రాన్స్‌లో పరిశోధకురాలు జాక్లిన్ నాడెల్ గమనించారు. దీనికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సంస్థ ఇలాంటివి తెలుగు తల్లిదండ్రులకు మరింత విరివిగా నేర్పించాలి. ఎవరైనా మిర్రర్ న్యూరాన్లను బాగుచేస్తామని ఫీజు అడిగితే, డబ్బు కట్టేముందు ఆధారం చూపించమని అడగండి.