ఆకాశం ఇవ్వకుండా నేల గెలవమన్నారు

ఉక్రెయిన్ అప్పటి సర్వసైన్యాధిపతి వలేరీ జలుజ్నీ 2023 నవంబరు 1న ‘ఎకనమిస్ట్’ వారపత్రిక ముందు ఉన్న మాట ఉన్నట్టు చెప్పేశారు. రష్యాతో యుద్ధం ప్రతిష్టంభనలో పడిందన్నారు. శత్రువు రక్షణను ఛేదించి దూసుకుపోయే ఘట్టం ఇప్పట్లో ఉండకపోవచ్చన్నారు. ఐదు నెలల ఎదురుదాడిలో ఆయన సేనలు ముందుకు జరిగింది 17 కిలోమీటర్లు. మరునాడే అమెరికా ప్రతినిధుల సభ ఇజ్రాయెల్‌కు 1,430 కోట్ల డాలర్ల సాయం మంజూరు చేస్తూ బిల్లును నెగ్గించుకుంది. అందులో ఉక్రెయిన్ ఊసు లేదు. సేనాని నోరు విప్పడం శత్రువుకే మేలు చేస్తుందని కీవ్‌లో అధ్యక్ష కార్యాలయం బాహాటంగానే విసుక్కుంది. ప్రతిష్టంభనేమీ లేదని 4న జెలెన్‌స్కీ స్వయంగా ఖండించారు. నాలుగు రోజుల్లో నిజం చెప్పిన మనిషి ఒక్కడే ఒంటరివాడయ్యాడు.

మమ్మల్ని మండించింది ఆ 17 కిలోమీటర్ల లెక్క కాదు. ‘ఇన్ని ఇచ్చినా ఇంతేనా’ అని పెదవి విరిచిన పాశ్చాత్య రాజధానుల ధోరణి.

కీవ్ తప్పులు చేయలేదని ఎవరూ అనడం లేదు. బఖ్ముత్, వెలికా నొవోసిల్కా, ఒరిఖివ్ అంటూ మూడు దిక్కులకు బలగాలను చెదరగొట్టారని, బలమంతా ఒక్కచోట కూడగట్టి కొట్టాల్సిందని అమెరికా నిపుణులు అన్నారు. అందులో నిజమూ ఉండవచ్చు. అయితే ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను విసిరేవారు ముందు మద్దెలను తట్టి చూడాలి. ఈ మద్దెల నిజంగానే ఓడుది. ఇచ్చింది వారే.

1991లో కువైట్‌ను విడిపించడానికి అమెరికా, దాని మిత్రులు ఎలా యుద్ధం చేశారో గుర్తు చేసుకుందాం. జనవరి 17న బాంబుల వర్షం మొదలైంది. తొలి ట్యాంకు కదిలింది ఫిబ్రవరి 24న. ఐదు వారాలకు పైగా ఆకాశం నుంచి నలగ్గొట్టిన తరువాతే పదాతిదళం అడుగు ముందుకు వేసింది. అందుకే నేల మీది యుద్ధం 100 గంటల్లో ముగిసింది. నాటో దేశాల యుద్ధపాఠం మొదటి పేజీలోనే ఆకాశం మీద పట్టు ఉంటుంది. ఆ పాఠం చదివినవారే, ఒక్క ఆధునిక యుద్ధ విమానమైనా చేతికివ్వకుండా, తవ్వి సిద్ధంగా కూర్చున్న సైన్యం మీదికి ఉక్రెయిన్‌ను పంపారు. తమ పిల్లలను ఎన్నడూ పంపని దారిలో పరాయివాళ్ల పిల్లలను పంపడానికి వ్యూహమన్న పేరు తగదు.

ఆ దారి ఎలా ఉందో 2023 జూన్ 8న జపోరిజియా ప్రాంతంలో మలా తొక్మాచ్కా దగ్గర లోకమంతా చూసింది. పచ్చటి పొలం. మందుపాతరలు తొలగించే యంత్రం తెరిచిన సన్నటి బాట. దాని మీద వరుసగా వెళ్లిన బండ్లలో ఒకటి ఆగింది, వెనకది పక్కకు తప్పుకోబోయి మరో పాతర మీదికి ఎక్కింది. కాసేపటికి ఒక లెపర్డ్ ట్యాంకు, దాన్ని ఒరుసుకుంటూ బ్రాడ్లీ కవచ వాహనాలు ఒకేచోట గుంపుగా కదలకుండా నిలిచిపోయాయి. పైన డ్రోన్ ఇదంతా చిత్రీకరిస్తోంది. భుజం మీంచి పేల్చే క్షిపణులకు అందనంత దూరంలో, చెట్ల ఎత్తున గాలిలో నిలిచి రష్యా కేఏ-52 హెలికాప్టర్లు తీరిగ్గా గురిపెట్టే రోజులవి. వాటిని తరిమే విమానాలు ఉక్రెయిన్‌కు లేవు. తరువాత ఆ సైన్యం బండ్లను వెనక ఉంచి, పొలాల మధ్య చెట్ల వరుసల వెంట పది పదిహేను మంది చొప్పున కాలినడకన సాగింది. మందుపాతరల నిపుణులు రాత్రివేళ బోర్లా పడుకుని చేతులతో తడుముతూ బాట చేస్తే, తెల్లవారేసరికి రాకెట్లతో కొత్త పాతరలు అదే బాట మీద వచ్చి పడ్డాయి. రొబొతినే అనే ఒక్క పల్లెను చేజిక్కించుకోవడానికి ఆగస్టు చివరి దాకా పట్టింది. ఇలా నడిచిన 17 కిలోమీటర్లవి.

ఇక జాప్యం సంగతి. ఎదురుదాడికి అదను అనేది ఒకటుంటుంది. శత్రువు దాడి చేసి చేసి అలసిపోయి, ఇంకా గోతులు తవ్వుకోకముందు ఉండే కొద్ది వ్యవధి అది. 2022 సెప్టెంబరులో ఖార్కివ్ వైపు ఉక్రెయిన్ సరిగ్గా ఆ అదనులోనే కొట్టింది. అందరి చూపూ ఖెర్సన్ మీద ఉండగా, పలచబడిన రష్యా వరుసలను చీల్చి రోజుల వ్యవధిలో బలక్లియా, కుప్యాన్స్క్, ఇజ్యూమ్ పట్టణాలను తిరిగి తీసుకుంది. నవంబరు 11న ఖెర్సన్ నగరమూ చేతికొచ్చింది. అప్పటికే అడుగుతున్నారు ట్యాంకులు. లెపర్డ్‌లు ఇస్తామన్న మాట జర్మనీ నోట వచ్చింది జనవరి 25న. ఈలోపు పుతిన్ 3 లక్షల మందిని సైన్యంలోకి పిలిపించుకున్నారు. రష్యా సేనాని జనరల్ సురోవికిన్ పథకం ప్రకారం చలికాలమంతా కందకాలు తవ్వి, కాంక్రీటు దిమ్మెలు పాతి, పొలాలను పాతరలతో నింపారు. ఉక్రెయిన్ కదిలింది జూన్‌లో. ఖెర్సన్ తరువాత ఏడు నెలలకు.

చరిత్రలో ఈ పొరపాటుకు పాత ఉదాహరణ ఆ గడ్డకు దగ్గరలోనే ఉంది. 1943లో కుర్స్క్ మీద దాడిని హిట్లర్ కొత్త పాంథర్ ట్యాంకులు వస్తాయని మే నుంచి జులై దాకా వాయిదా వేస్తూ పోయాడు. ఆ వ్యవధిలో సోవియట్ సైన్యం వరుస మీద వరుసగా కందకాలు తవ్వింది. జులై 5న మొదలైన జర్మన్ దాడి వాటిలోనే ఇరుక్కుంది. వారం తిరిగేసరికి సోవియట్ ఎదురుదాడి మొదలై ఆగస్టు 23 నాటికి ఖార్కివ్ చేరింది. ఎనభై ఏళ్ల తరువాత అదే పాఠం తలకిందులైంది. ట్యాంకుల కోసం ఎదురుచూస్తూ శత్రువుకు తవ్వుకునే సమయం ఇచ్చే పాత్ర ఈసారి ఉక్రెయిన్‌కు అంటగట్టారు.

పైగా ఈ దాడికి ముహూర్తం పెట్టి మరీ చాటింపు వేశారు. వసంతంలో మొదలవుతుందట, వేసవికి అజోవ్ సముద్రం చేరుతుందట, క్రిమియా దారి తెగుతుందట. బాణం గుర్తులు గీసిన ఆ పటాలను మేమూ అచ్చువేశాం, కాదనడం లేదు. జూన్ 4న ఉక్రెయిన్ రక్షణ శాఖ విడుదల చేసిన వీడియోలో సైనికులు ఒక్కొక్కరే పెదాల మీద వేలు పెట్టి మౌనం పాటించమన్నారు. అప్పటికే ఎక్కడ కొడతారో తెలియనిది ఎవరికి?

ఇచ్చినవైనా సమయానికి చేరాయా? అమెరికా జనవరిలో మాట ఇచ్చిన 31 అబ్రామ్స్ ట్యాంకుల్లో మొదటివి చేరింది సెప్టెంబరు చివరిలో. దూరం కొట్టే ఎటాకమ్స్ క్షిపణి రష్యా వైమానిక స్థావరాల మీద తొలిసారి పడింది అక్టోబరు 17న. ఆ హెలికాప్టర్లు లేచే బెర్దియాన్స్క్ స్థావరమే అందులో ఒకటి. అదే క్షిపణి జూన్‌లో ఉండి ఉంటే? నెదర్లాండ్స్, డెన్మార్క్ ఆగస్టులో ప్రకటించిన ఎఫ్-16 యుద్ధ విమానాల్లో ఒక్కటీ 2023 నవంబరు నాటికి ఉక్రెయిన్ గడ్డ మీద వాలలేదు. అవి వచ్చేసరికి రష్యా గగన రక్షణ ఇంకా బలపడి వాటి ఉపయోగం తగ్గిపోతుందని జలుజ్నీయే అన్నారు.

నాటి అధ్యక్షుడు బైడెన్ ఇజ్రాయెల్‌కు, ఉక్రెయిన్‌కు కలిపి అడిగిన ఉమ్మడి సాయంలో ఉక్రెయిన్ వాటాను అమెరికా దిగువ సభ అప్పట్లో పక్కన పెట్టింది. ఎదురుదాడి విఫలమైంది కాబట్టి ఇక ఎందుకన్న మాట అక్కడ వినబడింది. సగం ఇచ్చి, ఆలస్యంగా ఇచ్చి, ఆ సగం సరిపోలేదన్న సాకుతో మిగిలిన సగం ఆపడం ఎక్కడి న్యాయం? రేపు ఈ దేశాల భరోసాను నమ్మి మరే చిన్న దేశమైనా పొరుగు దండయాత్రకు ఎదురు నిలిస్తే, దానికీ ఇదే లెక్కల పుస్తకం చూపిస్తారా?

17 కిలోమీటర్లేనా అని వాషింగ్టన్‌లో, బెర్లిన్‌లో అడిగిన పెద్దలు ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ 17 కిలోమీటర్ల పొడవునా సైనికుల తలల మీద తిరిగిన విమానాలు ఎవరివి?