పడిపోయిన మానును అలాగే ఉండనివ్వండి

రక్షిత అడవుల్లో కాలినడక గురించి రాసిన వ్యాసం బాగుంది. పూలు, జింకలు, కొండ అంచు నుంచి కనిపించే లోయ, అన్నీ కళ్లకు కట్టారు. కానీ దారి పక్కన కూలిన చెట్లను తీసేస్తే అడవి ఇంకా అందంగా ఉంటుందన్నారే, అక్కడ మాత్రం మీతో ఒప్పుకోలేను.

నేను అడవికి వెళ్తే ముందు వెతికేది ఆ కూలిన మానులనే. ఒకదాని పక్కన పది నిమిషాలు గొంతుక్కూర్చుంటే చాలు. పైన నాచు, పక్కలకు అరల్లా పేర్చినట్టు పుట్టగొడుగులు, బెరడు కింద పెంకుపురుగుల పిల్లలు. చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థమైన లిగ్నిన్‌ను అరిగించి మట్టిలో కలిపేది ముఖ్యంగా ఈ శిలీంధ్రాలే. ఇంకా నిలబడే ఉన్న ఎండు మానైతే వడ్రంగిపిట్టకు ఇల్లు. అది తొలిచి వదిలేసిన తొర్రలో తర్వాత చిన్న గుడ్లగూబలో, ఎగిరే ఉడతలో చేరతాయి. సొంతంగా తొలుచుకోవడం వాటికి చేతకాదు మరి. అన్నట్టు, వడ్రంగిపిట్ట నాలుక మూలం పుర్రె వెనక నుంచి చుట్టుకుని ఉంటుందని తెలిశాక ఆ టకటక విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

రాళ్ల మీది లైకెన్ల గురించి ఒక్క ముక్కయినా రాయాల్సింది. ఎండిన రంగు మరకలనుకుని గోళ్లతో గోకేవాళ్లను చూశాను. అది శిలీంధ్రం, శైవలం (ఆల్గే) కలిసి చేసే కాపురం. రాయికి అతుక్కుని పెరిగే రకాల్లో ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగనివి చాలా ఉన్నాయి. అరచేయంత మచ్చ మన తాతల కంటే పెద్దదై ఉండొచ్చు.

జింకల కోసం తెల్లవారుజామునే బయల్దేరాలన్న మాట నిజమే. నాకే ఇంకా బద్ధకం వదల్లేదు.