పల్లెపాలెం చూడకుండా కొత్తపట్నం చూశామనకండి

మొన్నటి దీపావళి వేడుకల్లో, జ్యోతి ప్రజ్వలన ముగిసి కూచిపూడి మొదలయ్యేలోపు, మన సంఘం యువజన విభాగం పిల్లలు జూన్ మొదటివారంలో చేసి వచ్చిన మాతృభూమి యాత్ర ఫొటోలను తెర మీద చూపించారు. ఒంగోలు దగ్గరి సముద్రతీర గ్రామం కొత్తపట్నం వంతు వచ్చినప్పుడు కనిపించినవి ఇసుకలో ఆరబోసిన ఎండు చేపలు, పక్కన ముక్కు మూసుకొని నిలబడ్డ ఒక అబ్బాయి, కింద ‘ఇక్కడ ఆగకండి’ అన్న మాట. హాలంతా నవ్వింది. పిల్లల మీద నాకు కోపం లేదు. ఒంగోలు, సింగరాయకొండ, కందుకూరు నుంచి వచ్చిన పెద్దలు కూడా నవ్వడమే మనసుకు కష్టమనిపించింది.

మాది ఒంగోలు. నా చిన్నతనంలో కొత్తపట్నం ఒడ్డున ఉన్న మత్స్యకారుల వాడ పల్లెపాలెం నుంచి ఒక అవ్వ నెత్తిన గంపతో మా వీధికి వచ్చేది. మా అమ్మ బేరమాడినప్పుడల్లా చేప మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించి, “రాత్రి వేటదమ్మా, చూసుకో” అనేది. ఒక సెలవు రోజున నాన్న నన్ను తెల్లవారక ముందే ఆ ఒడ్డుకు తీసుకువెళ్లారు. అలలను దాటుకొని పడవ ఒడ్డుకు చేరగానే మగవాళ్లు నడుములోతు నీళ్లలోకి దూకి దాన్ని ఇసుక మీదికి నెట్టేవారు. ఆడవాళ్లు వల చుట్టూ కూర్చొని, వల కన్ను తెగకుండా చిక్కుకున్న పీత కాళ్లను ఒక్కొక్కటిగా తప్పించేవారు. ఆ పని చేసే వేళ్లకు ఎంత ఓపిక ఉండాలో అప్పుడే చూశాను. తరువాత కుప్పల వారీగా వేలంపాట మొదలైంది. సావుకారు దగ్గర ముందే పెట్టుబడి తెచ్చుకున్నవాళ్లు తమ చేపను అతనికే, అతను చెప్పిన ధరకే ఇవ్వవలసి వచ్చేది. పొద్దెక్కేసరికి ఒడ్డు ఖాళీ అయింది. గంప నింపుకున్న అవ్వ మమ్మల్ని గుర్తుపట్టి ఇంటికి పిలిచి, మామిడికాయ వేసిన నెత్తళ్ల పులుసుతో సద్దన్నం పెట్టింది. అంత రుచి నేను మళ్లీ ఎరుగను.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మర, మోటారు పడవల వేటను నిషేధిస్తారు. మన పిల్లలు వెళ్లింది సరిగ్గా ఆ రోజుల్లోనే. వాళ్లు చూసినది పడవలన్నీ ఒడ్డెక్కిన పాలెం, మోటారు లేని తెప్పల మీద దొరికిన కొద్దిపాటి చేప. ఐసూ ధరా లేని రోజున ఉప్పు పట్టించి ఎండబెట్టకపోతే ఆ కష్టం కుళ్లిపోతుంది. ముక్కు మూసుకున్న ఆ అబ్బాయికి ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు, యాత్ర తేదీలు ఖరారు చేసిన పెద్దలకూ తట్టలేదు.

పాలెంలో లోపాలు లేవని నేను అనను. చేప వ్యర్థాలను ఇసుకలోనే వదిలేస్తారు, తాగుడు కొంపలు తీస్తుంది, కులపెద్దల కట్టుబాటుకు ఎదురు చెప్పిన ఇంటికి దిక్కుండదు. కానీ కార్తీక పౌర్ణమి స్నానాలకు పట్టణాల నుంచి వచ్చినవాళ్లు వదిలిపోయే విస్తళ్లు, ప్లాస్టిక్ కవర్లు ఎవరివి? స్నానాలకు దిగి కొట్టుకుపోతున్నవారి కోసం నీళ్లలోకి దూకేది ఎవరు? నా లెక్కలో తక్కెడ పాలెం వైపే మొగ్గుతుంది.

ఒంగోలు నుంచి బకింగ్‌హాం కాలువ దాటి వెళ్లే కొత్తపట్నం వట్టి బీచ్ కాదు. 1937 వేసవిలో అక్కడ నడిచిన రాజకీయ పాఠశాలను నాటి ప్రభుత్వం నిషేధించింది. మన పిల్లలకు ఆ సంగతీ చెప్పవలసింది.

మన సంఘంలో పాలెం నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఆ సాయంత్రం వాళ్లూ హాల్లోనే కూర్చున్నారు. అందుకే కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. వచ్చే యాత్రను సంక్రాంతి సెలవులకు మార్చండి, కొత్తపట్నానికి ఒక రాత్రి కేటాయించండి, తెల్లవారుజామున వేలంపాట దగ్గరికి పిల్లలను తీసుకువెళ్లండి, మధ్యాహ్న భోజనం పాలెం ఆడవాళ్ల చేత వండించి వాళ్లు అడిగిన ధర చెల్లించండి. అక్కడి ఏర్పాట్లు నేను చూసుకుంటాను. ఏ ఫొటోలు తెర మీద వేయాలో మాత్రం ముందుగా మన పాలెం కుటుంబాలకు చూపించి అడగండి.