కిర్రుమంటే నూనె పోసేయడమేనా?

ఈ వారం మళ్ళీ వచ్చింది. కార్లంటే నాకు పిచ్చి అని తెలిసిన హన్మకొండ మిత్రులు, కరీంనగర్‌లో ఉండే మా బావగారు, చివరికి కాజీపేటలో కలిసి చదువుకున్నవాళ్ళ గ్రూపు కూడా ఒకే సందేశాన్ని తిప్పి తిప్పి పంపుతున్నారు. "ఓపెన్ టాప్ కార్లలో కిర్రు శబ్దం: షోరూములవాళ్ళు దాచే ఏడు రహస్యాలు" అని దాని పేరు. చివర "కనీసం పది మందికి పంపండి" అని హుకుం. కప్పు తెరుచుకునే కారు ఉన్నవాళ్ళు వరంగల్‌లో పది మంది దొరకడమే గగనం. అయినా పంపేవాళ్ళకు కొదవ లేదు. పంపి ఊరుకుంటే నాకూ బాధ ఉండేది కాదు. అందులోని చిట్కాలను మామూలు కార్ల మీద కూడా ప్రయోగిస్తున్నారు.

వరస తప్పినా మూడో రహస్యంతోనే మొదలుపెడతాను. "బ్రేకు వేసినప్పుడు కీచుమంటే డిస్కు మీద రెండు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేయండి. శబ్దం మాయం!" నిజమే, మాయమవుతుంది. దానితోపాటు బ్రేకు కూడా మాయమవుతుంది. ఇది రాసినాయన ఆ మాట ఎందుకో రాయలేదు, బహుశా అదే ఎనిమిదో రహస్యం కాబోలు.

ఆ కీచుమనే శబ్దాన్ని చాలా కార్లలో తయారుచేసినవాళ్ళే కావాలని పెట్టారు. బ్రేకు తొక్కితే చక్రంతోపాటు తిరిగే డిస్కును నొక్కి ఆపేది ప్యాడు. కొత్త ప్యాడు మీద రాపిడి పొర పది మిల్లీమీటర్లకు అటూఇటూగా మందం ఉంటుంది. అది అరిగి అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి, ప్యాడు అంచున ఉన్న చిన్న ఇనుప రేకు డిస్కుకు తగిలి అరవడం మొదలుపెడుతుంది. 'నన్ను మార్చు' అని అది మొత్తుకుంటుంటే, దాని నోట్లో నూనె పోయమంటున్నారు వీళ్ళు. ప్యాడు ఒకసారి నూనె పీల్చుకుందంటే ఇక దాన్ని కడిగి వాడుకోవడం కుదరదు, తీసి పారేయాల్సిందే. ఒక చక్రానికే నూనె తగిలితే ఇంకా ప్రమాదం. గట్టిగా బ్రేకు తొక్కగానే పట్టున్న చక్రం వైపు బండి లాగేస్తుంది. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ దిగుతూ వెనక లారీ, ముందు మలుపు ఉన్నప్పుడు ఈ చిట్కా ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఊహించుకోండి. కీచు శబ్దం అసలే ఉండదు.

వానాకాలం పొద్దున్నే వచ్చే శబ్దం వేరు. రాత్రి తడికి డిస్కు మీద పలుచగా తుప్పు పడుతుంది, వీధి చివరికి వెళ్ళేలోపు నాలుగు బ్రేకులకు అదే రాలిపోతుంది. దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. ప్యాడు వెనక రేకుకు, ప్యాడులను డిస్కుకు నొక్కే కాలిపర్ జారే పిన్నులకు మెకానిక్కులు గ్రీజు రాయడం కొందరు చూసే ఉంటారు. అది వేడిని తట్టుకునే బ్రేకు గ్రీజు. ప్యాడు డిస్కును పట్టుకునే ముఖానికి దాన్ని కూడా తగలనివ్వరు. చూసినవాళ్ళు సగం చూసి వచ్చి సందేశాలు రాస్తే ఇలాగే ఉంటుంది.

ఇక ఒకటో రహస్యం. "కప్పు లేని కారు బలహీనం. కిర్రుమంటే చట్రం పగులుతోందని అర్థం. వెంటనే అమ్మేయండి." చవగ్గా కొందామని కాచుకుని ఉన్నవాడెవడో ఇది రాసి ఉండాలి. గట్టి కప్పు తీసేస్తే బాడీ మెలి తిరగడం ఎక్కువవుతుందనే మాట వరకు నిజం. తయారీదారులకు అది తెలియదా? అందుకే తలుపుల కింది పట్టీలను మందం చేస్తారు, అడుగున అడ్డబద్దెలు వేస్తారు, ముందు అద్దం చట్రాన్ని బలపరుస్తారు. అదే మోడల్‌లో గట్టి కప్పున్న కారు కంటే కన్వర్టిబుల్, అంటే ఓపెన్ టాప్ కారు, సాధారణంగా బరువు ఎక్కువ తూగేది ఇందుకే. ఇంత చేసినా ఒక చక్రం గుంతలో, మరొకటి గట్టు మీద ఉన్నప్పుడు బాడీ కొద్దిగా మెలిపడుతుంది. అప్పుడు కప్పుకూ అద్దం చట్రానికీ మధ్యనున్న లాకులు, రబ్బర్లు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. పట్టి, జారి, మళ్ళీ పట్టి, మళ్ళీ జారడమే కిర్రు. తాతల కాలం కిర్రు చెప్పులు కూడా అలాగే మోగేవి. తోలు పొర మీద తోలు పొర రాసుకున్నంత మాత్రాన చెప్పు పగులుతోందని ఎవరూ సంతలో అమ్ముకోలేదు.

అలాగని చట్రానికి ఎప్పుడూ ఏమీ కాదని కాదు. 2023 జులై వరదలో నీళ్ళలో మునిగిన కారును ఎవరైనా అంటగడుతుంటే, తలుపు చుట్టూ సందు పైన ఒకలా కింద ఒకలా కనిపిస్తుంటే, అడుగు భాగం ఎత్తి చూపించమనండి. అక్కడ చూడాల్సింది తుప్పును. కిర్రు వినబడినా వినబడకపోయినా చూడాల్సిందే.

రెండోది: "రబ్బరు బీడింగులన్నిటికీ డీజిల్ లేదా పాత ఇంజన్ ఆయిల్ పూయండి." బీడింగులంటే తలుపులు, అద్దాలు, కప్పు అంచుల్లో ఉండే రబ్బరు పట్టీలు. పూశాక వారం రోజులు బాగానే ఉంటుంది. తర్వాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఎందుకంటే బీడింగులకు వాడే రబ్బరుకు పెట్రోలియం నూనెలు పడవు. ఉబ్బిన బీడింగు ఇంకా గట్టిగా రాసుకుంటుంది, వానకు నీళ్ళు కారుస్తుంది. గుడ్డ కప్పుకు ఆ నూనె మరక అంటితే పోనే పోదు. రాయాలనుకుంటే సిలికాన్ గ్రీజు ఉంది, వేలి చివర అంటినంత చాలు.

ఐదో రహస్యం దగ్గర నేను ఆగిపోయాను. "బీడింగులకు ముఖానికి వేసుకునే పౌడరు అద్దండి." వెక్కిరిద్దామనే చదివాను. కానీ ఇది పనిచేస్తుంది. శబ్దం ఎక్కడిదో వెతికే పద్ధతిలో ఇదీ ఒక మెట్టే. ఈ సందేశం రాసినాయన ఎప్పుడో ఒక మంచి మెకానిక్ పక్కన నిలబడి ఉంటాడు, ఐదు నిమిషాలైనా. పొడి అద్దాక శబ్దం ఆగిందంటే దొంగ అక్కడే ఉన్నాడన్నమాట. ఆగకపోయినా నష్టం లేదు. తిరిగి వచ్చాక పౌడరు ఎక్కడ చెరిగిందో చూస్తే రబ్బరు ఎక్కడ ఒరుసుకుంటోందో తెలుస్తుంది. మన ఎర్రమట్టి దుమ్ములో ఆ పొడి ఎక్కువ రోజులు నిలవదు. అందుకే అది వెతకడానికే గానీ వైద్యానికి కాదు. తుడిచేసి గ్రీజు రాయాలి.

ఈ సందేశంలో ఎక్కడా లేనిది శబ్దం ఎక్కడిదో వెతకడమే. ఏడు రహస్యాల్లోనూ నోరు నొక్కే ఉపాయాలే ఉన్నాయి. కన్వర్టిబుల్‌కు మామూలు కారుకు లేని సౌకర్యం ఒకటుంది: కప్పు తీసేయవచ్చు. ములుగు రోడ్డు మీద మీకు బాగా తెలిసిన స్పీడ్ బ్రేకర్లను అదే వేగంతో కప్పు వేసి ఒకసారి, తీసి ఒకసారి దాటండి. తీసినప్పుడు ఆగిపోతే గొడవ కప్పులోనో, లాకుల్లోనో, అద్దం పైఅంచు దగ్గరో ఉంది. రెండుసార్లూ వస్తే కప్పును వదిలేసి కిందికి రండి. తలుపు లాకు పట్టుకునే కొక్కేనికి ఒక చుట్టు టేపు వేసి చూడండి. స్టెప్నీ, జాకీ, డాష్‌బోర్డు అరలోని చిల్లర బయట పెట్టండి. చెవిని నమ్మకండి, శబ్దం ఇనుము వెంట పాకి ఇంకోచోట నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

నాకు తెలిసిన ఒక కారులో తలవెనక నుంచి కిర్రుమనేది. మెకానిక్ పక్కన కూర్చోగానే ఆగిపోయేది. ఆయన దిగగానే మళ్ళీ మొదలు. యజమానికి చెవుల జబ్బేమోనని ఇంట్లోవాళ్ళకు అనుమానం కూడా వచ్చింది. చివరికి ఆ మెకానిక్కును వెనక సీట్లో కుదించి కూర్చోబెట్టి, పక్క సీటును ఖాళీగా ఉంచి నడిపితే దొరికింది. ఖాళీ సీటు తోలు అంచు, రెండు సీట్ల మధ్యనున్న పెట్టెకు రాసుకుంటోంది. మనిషి బరువు పడితే సీటు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగేది, శబ్దం ఆగేది. మధ్యలో చిన్న మఖ్మల్ పట్టీ అంటిస్తే సరిపోయింది. అప్పటికే ఇంకెవరి మాటో విని ఆయన వెనక షాక్ అబ్జార్బర్లు మార్పించేసి ఉన్నాడు. ఇలాంటివి చూస్తే షోరూముల మీద ఈ సందేశానికున్న కోపంలో కొంత న్యాయం ఉందని అంటాను గానీ, ఆ కోపం తీర్చుకోవడానికి బ్రేకుల మీద పడకూడదు.

నాలుగు: ఫ్యాన్ బెల్టుకు సబ్బు రుద్దమంటారు. మెకానిక్కులు బెల్టు మీద నీళ్ళు చిలకరించేది జబ్బు కనిపెట్టడానికి. శబ్దం కాసేపు ఆగితే బెల్టు వరస తప్పినట్టు, పెరిగితే వదులైనట్టు. సబ్బు పూస్తే దుమ్ము పట్టడం తప్ప ఒరిగేది లేదు. చాలా కార్లలో నీళ్ళ పంపును తిప్పేదీ ఆ బెల్టే. రామగుండం ఎండల్లో అది తెగితే ఇంజన్ గతేమిటో చెప్పనక్కర్లేదు.

ఆరు: టైర్లలో గాలి తగ్గించమంటారు. తగ్గించకండి. మే నెలలో హైదరాబాద్ హైవే మీద మెత్తటి టైరు వేడెక్కి పేలితే వచ్చే శబ్దం కిర్రు కంటే పెద్దది.

ఏడు: రాత్రి ఇంజన్ ఆపాక టిక్కుటిక్కుమంటే అపశకునమట, నిమ్మకాయ కట్టాలట. సైలెన్సర్ చల్లారుతోంది, అంతే. నిమ్మకాయ పులిహోరలో పిండుకోండి.

ఇప్పటికే డిస్కు మీద నూనె వేసినవాళ్ళు మాత్రం బండి కదిలించకండి. మెకానిక్కునే ఇంటికి పిలిపించండి. డిస్కును బ్రేకు క్లీనర్‌తో తుడవాలి, నూనె తగిలింది ఒక పక్కే అయినా రెండు పక్కల ప్యాడులూ మార్చాలి. ఆ బిల్లును ఫోటో తీసి సందేశం పంపినవారికి పంపండి, కావాలంటే ఇంకో పది మందికి కూడా.